గోడ మీది పన్నెండు మాటలు

మేళ్లచెరువు చుట్టూ ఉన్న సిమెంటు ఫ్యాక్టరీల్లో ఒకదాని గేటు పక్కన చిన్న కాటా గది ఉంది. ఆ గది కిటికీ దగ్గర ఇరవై రెండేళ్లుగా కూర్చుంటున్న మనిషి పేరు విజేందర్. ఖాళీ లారీ వచ్చి కాటా ఎక్కుతుంది, దిగుతుంది. నిండిన లారీ వచ్చి కాటా ఎక్కుతుంది, దిగుతుంది. రెంటి మధ్య తేడాను చీటీ మీద కొట్టి, కిటికీలోంచి చాచిన చేతికి ఇవ్వడం అతని పని. ఇందులో చెప్పుకోవడానికి ఏముందని అనిపిస్తుంది. కానీ తెర మీద అంకె పడకముందే, టైర్లు ఎంత అణిగాయో చూసి, లారీ బరువు క్వింటాలు అటూ ఇటుగా చెప్పేయగలడు. కొత్తగా వచ్చిన డ్రైవర్లు నమ్మక చాయ్ పందెం కాసి ఓడిపోతుంటారు. ఆ విధంగా విజేందర్ చాయ్ ఖర్చును చాలా ఏళ్లుగా పక్క రాష్ట్రాల డ్రైవర్లే భరిస్తున్నారు.

ఈ ఇరవై రెండేళ్లలో అతను కొట్టిన చీటీ తప్పని ఎవరూ వెనక్కి తెచ్చింది లేదు. నలుగురిలో చెప్పుకోడు గానీ, లోపల అతనికి ఆ ఒక్క సంగతి మీద గర్వం.

ఇంట్లో ముగ్గురే. తల్లి గుర్వమ్మ, భార్య సుహాసిని, తను. పిల్లలు కలగలేదు. ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. అక్క కూతురు దీప్తి ఉండగా ఎత్తాల్సిన అవసరం కూడా పడలేదు. అక్క అండాలును కొల్లాపూర్ ఇచ్చారు. దీప్తి అక్కడే పుట్టింది, అక్కడే పెరిగింది. కానీ సెలవు దొరికితే చాలు, మూడు బస్సులు మారి మామ ఇంట్లో వాలేది.

ఆటను ఆ ఇంట్లోకి తెచ్చింది కూడా దీప్తే. కరోనా వచ్చిన ఏడు ఆమె శివరాత్రి జాతరకని వచ్చింది. ఎడ్ల బండలాగుడు పోటీలు చూసింది. రేపు పోతా, మాపు పోతా అంటూ నెలరోజులు గడిపేసరికి లాక్‌డౌన్ పడి ఇక్కడే ఇరుక్కుంది. బయటికి పోయే దారి లేదు. ఒక మధ్యాహ్నం ఫోన్ పట్టుకుని మామ పక్కన కూర్చుంది.

"మామా, నీకొక ఆట నేర్పిస్త. పేకాట గాదు, భయపడకు."

"పేకాట గాదంటవు, ముక్కలేమో కనపడుతున్నయి."

"ముక్కలే. కానీ గివి సైనికులు. చూడు, పైన ఇరవై మూడు అని ఉన్నది గదా, ఈ యుద్ధంల నీ దళం మొత్తం బరువు ఇరవై మూడు దాటొద్దు. ఒక్కొక్క ముక్కకు ఒక్కొక్క బరువు. ఆరుగుర్ని వరుసల నిలబెట్టాలె. ముందటోడు దెబ్బలు తింటడు, ఎనకటోళ్లు బాణాలేస్తరు. ఒక్కసారి నిలబెట్టినంక మల్ల చెయ్యి పెట్టనియ్యదు. వాళ్లే కొట్టుకుంటరు, మనం చూసుడే."

విజేందర్ ఫోన్‌ను దూరంగా పట్టుకుని, కళ్లు చికిలించి చూశాడు. "గంతేనా? గిది లోడు ఎక్కించుడే గదనే!"

అన్నట్టే అయింది. బరువు హద్దు చూడగానే ఏ ముక్కను ముందు పెట్టాలో, దేన్ని వదిలేయాలో అతని చేతికి తెలిసిపోయేది. మెరిసే బరువైన ముక్కలను అతను నమ్మడు. "బరువున్నోడు ఇద్దరి జాగా తింటడు" అంటాడు. అయిదు చిన్న ముక్కలతో, ముందు దీప్తి దగ్గర అరువడిగిన రాతి తాబేలును కూర్చోబెట్టి, ఎక్కడో ఏ దేశంలోనో ఉన్న వాళ్ల రెక్కల సింహాలను పడగొట్టేవాడు. ఇంకేం, ఆదివారం అతని వారాంతపు సెలవు. భోజనమయ్యాక రెండు నుంచి మూడు దాకా ఆట. దీప్తి కొల్లాపూర్ వెళ్లిపోయాక కూడా అది ఆగలేదు. ఆమె అక్కడ, ఇతను ఇక్కడ, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఒకరినొకరు తిట్టుకుంటూ ఆడేవాళ్లు. వారం మధ్యలో మాత్రం ముట్టడు. కాటా దగ్గర ఆడితే చీటీ తప్పుతుందని భయం.

ఆటకు పొడుగాటి ఇంగ్లీషు పేరొకటి ఉంది. అది ఆ ఇంట్లో ఎవరి నోటా తిరగలేదు. బ్లాక్‌చెయిన్ మీద నడుస్తుందని, చెయిన్ అంటే గొలుసని దీప్తి చెప్పిన మాట పట్టుకుని గుర్వమ్మ దానికి గొలుసాట అని పేరు పెట్టింది. అదే ఖాయమైంది.

పేక ముక్కలు మన నేలకు కొత్త కాదు. అటు నిర్మల్ వైపు ఒకప్పుడు గంజీఫా అని గుండ్రటి ముక్కలు చేసేవాళ్లు. గుడ్డకు జిగురు పట్టించి, అరచేతిలో ఇమిడేలా కోసి, ఏనుగులూ గుర్రాలూ దేవుళ్లూ చిత్రించి ఇచ్చేవాళ్లు. ఆ ముక్క ఎవరి చేతిలో ఉంటే వాళ్లది. ఎలుక కొరికినా పోయింది, వాన తడిసినా పోయింది. గొలుసాటలో ముక్కకు ఆ గండాలు లేవు. ఏ ముక్క ఎవరిదన్నది ప్రపంచమంతటా వేలాది కంప్యూటర్లలో ఒకే తీరుగా రాసి ఉంటుంది. ఆట నడిపే కంపెనీ కూడా దాన్ని చెరపలేదు. బాగానే ఉంది. కానీ మన ముక్కలున్న పెట్టె తెరవడానికి ఒక తాళంచెవి కావాలి కదా. ఆ తాళంచెవి పన్నెండు ఇంగ్లీషు మాటలు. కుందేలు, గొడుగు, నిచ్చెన, ఇలాంటి సంబంధం లేని మాటలు పన్నెండు, ఒక వరుసలో. ఫోన్ పోయినా, పగిలినా, ఆ పన్నెండూ వరుస తప్పకుండా కొడితే కొత్త ఫోన్‌లో పెట్టె తెరుచుకుంటుంది. అవి కూడా పోతే చెప్పుకునే దిక్కు ఉండదు. ఆఫీసు లేదు, దరఖాస్తు లేదు, పైరవీ అసలే లేదు.

మొదటిరోజే ఆట ఎర్రటి అక్షరాలతో హెచ్చరించింది. ఈ మాటలు ఎవరికీ చూపొద్దు. ఫోన్‌లో దాచొద్దు. ఎక్కడైనా రాసి భద్రం చేసుకో.

ఫ్యాక్టరీలో ఎర్ర అక్షరాలంటే ప్రాణాలతో పని. విజేందర్ వాటిని అంతే గట్టిగా పట్టించుకున్నాడు. కాగితం మీద రాద్దామంటే ఆ ఇంట్లో కాగితానికి ఆయుష్షు తక్కువ. చెదలు పట్టి అతని పదో తరగతి మెమో సగం పోయింది. ఆ ఇంట్లో నిలవాల్సిన మాట ఏదైనా గోడకే ఎక్కుతుంది. ఎవరు ఎప్పుడు పుట్టారు, బర్రె ఎప్పుడు ఈనింది, బోరు ఎన్ని అడుగులకు పడింది, అన్నీ లోపలి గది గోడ మీదే. చనిపోయిన తండ్రి అలవాటు అది. అందుకే విజేందర్ కూడా ఇళ్లు కట్టే సుతారి మేస్త్రీలు గీతలు పెట్టే లావు పెన్సిల్ తీసుకుని, ఇంట్లో ఎవరూ లేని వేళ చూసి, లోపలి గదిలో క్యాలెండర్ వెనక ఆ పన్నెండు మాటలూ ఒకదాని కింద ఒకటి రాశాడు. క్యాలెండర్ తగిలించి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని, నెమ్మదిగా ఊపిరి పీల్చుకున్నాడు.

నాలుగేళ్లు గడిచాయి. దీప్తి డీఎస్సీకి చదువుతోంది. నోటిఫికేషన్ వస్తుందన్నారు, రాలేదు. వచ్చింది, రద్దయింది. మళ్లీ వచ్చింది. ఆ నాలుగేళ్లూ ఆమెకు ఆదివారం ఆ గంట తప్ప వేరే సరదా లేదు. ఆమె ముక్కలన్నీ ఆడి గెలుచుకున్నవే, అరవై ఒకటి. ఒక్కొక్కటీ ఏ ఆదివారం గెలిచిందో చెప్పగలదు. చివరికి పరీక్ష తేదీ ఖాయమైన వారం ఫోన్ చేసింది.

"మామా, నా ముక్కలన్ని నీ పెట్టెలకు పంపుతున్న."

"ఎందుకే? అలిగినవా?"

"అలుగుడు గాదు. నా దగ్గరుంటే పుస్తకం ముంగట పెట్టుకోని గవ్వే చూస్తున్న. నౌకరి వచ్చినంక వచ్చి తీసుకపోత. అందాక నీ కాటా మీద పెడుతున్న అనుకో. బరువు తగ్గొద్దు మల్ల!"

"ఇరవై రెండేండ్లల తగ్గిందా ఎన్నడన్న?" అన్నాడు విజేందర్.

పరీక్ష వేసవి దాటాక జరిగింది. ఫలితాలు ఇవాళ రేపు అంటుండగా బతుకమ్మ పండుగ దగ్గరపడింది. పెత్తరమాసకు, అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్యకు, ముందు వచ్చిన ఆదివారం గుర్వమ్మ ఇల్లంతా దులిపి సున్నానికి దిగింది. డెబ్భై దాటినా ఆ పని ఇంకొకరికి ఇవ్వదు. వయసులో ఉన్నప్పుడు ఇరవై ఏళ్లు సున్నపు బట్టీల్లో రాయి మోసిన మనిషి. రంగు డబ్బాలు కొందామని సుహాసిని అంటే, "నా గోడలకు నేనే చాలు" అంటుంది.

సున్నం తీరే వేరు. గడ్డలు నీళ్లలో వేస్తే పొయ్యి లేకుండానే కుతకుతా ఉడుకుతాయి. కుంచెతో గోడకు పట్టిస్తుంటే, చూసేవాళ్లకు ఉత్త నీళ్లు కొడుతున్నట్టే ఉంటుంది. తెల్లదనమంతా ఆరిన తర్వాతే. ఎన్ని యుగాల నాటి గవ్వలూ నత్తలూ సముద్రం అడుగున చేరి రాయయ్యాయో, ఆ రాయిని కాల్చి తెచ్చి గోడకు పూస్తాం, తమలపాకుకు రాస్తాం, సిమెంటు చేసి లారీలకెత్తుతాం. మేళ్లచెరువు బతుకంతా ఆ పాత సముద్రం పెట్టిన కూడే.

సున్నం పెట్టేముందు గుర్వమ్మకు ఒక ఆనవాయితీ ఉంది. కుంచె ముంచి, గది గడపలో నిలబడి, ఇంట్లోవాళ్లను అడుగుతుంది. ఏ రాత ఉంచాలో చెబితే ఆ మేరకు పలకలా వదిలేసి చుట్టూ సున్నం కొడుతుంది. చెప్పని రాత మీద సున్నం పడుతుంది. ఆమెకు చదువు రాదు, అందుకే అడగాలి. అలా వదిలిన పలకలతో ఆ గది గోడ ఎప్పుడూ అతుకులేసిన బొంతలా ఉంటుంది.

"ఏది ఉంచాలె, ఏది కొట్టెయ్యాలె?" అని ఆ ఉదయం కూడా అడిగింది.

"బోరు లెక్క ఉంచత్తా. మా పెండ్లి తారీఖు గూడ ఉంచు. ఈయన మర్చిపోతడు, గోడన్న యాదికుండాలె" అంది సుహాసిని.

"నీదేమన్న ఉన్నదార?" గుర్వమ్మ కొడుకు వైపు తిరిగింది. ఏటా క్యాలెండర్‌ను కదపకుండా చుట్టూ కొట్టి వదిలే మనిషి, ఈసారి అప్పటికే దాన్ని తీసి మంచం మీద పెట్టేసింది. గోడ మీద పన్నెండు మాటలు పట్టపగలు బయటపడి ఉన్నాయి.

విజేందర్ ఒకడుగు ముందుకు వేసి ఆగాడు. ఉంచమంటే ఏంటది అంటారు. చెప్పాలి. సుహాసిని ఇంగ్లీషు చదవగలదు, ఇప్పటికే అటు చూస్తోంది. ఎవరికీ చూపొద్దన్న ఎర్ర అక్షరాలు కళ్ల ముందు మెదిలాయి. ఫోన్ జేబులో ఉంది, ఆట అందులో భద్రంగానే ఉంది. ఆటను అడిగితే మాటలు మళ్లీ చూపిస్తుంది, సాయంత్రం చూసి ఇంకోచోట రాసుకోవచ్చు.

"నాదేం లేదమ్మ. కొట్టెయ్యి" అన్నాడు.

"కుందేలు, గొడుగు... గిదేం సంత చీటీనయ్యా?" అంది సుహాసిని, గోడను చదువుతూ. ఆమె మూడో మాటకు వచ్చేలోపు కుంచె పడింది. గుర్వమ్మ రెండు చేతులు సున్నం పెట్టింది, ఒకసారి ఆరాక ఇంకోసారి.

మధ్యాహ్నానికి లోపలి గది పూర్తయింది. ప్రహరీ గోడకని గుర్వమ్మ డ్రమ్ములో ఇంకో విడత గడ్డలు వేసింది. కర్రతో కలిపిపెట్టమని కొడుకును పిలిచింది. విజేందర్ వంగాడు. అంగీ పైజేబులో ఉన్న ఫోన్ జారి, ఉడుకుతున్న సున్నంలో బుడుంగున మునిగింది.

దాన్ని కర్రతో, గరిటెతో, చివరికి చేద కొక్కెంతో పైకి తీసేసరికి అద్దం పాలిపోయి, ఒళ్లంతా బొబ్బలెక్కి, చేప పొట్టలా తెల్లగా ఉంది.

"పోతే పోనియ్యి బిడ్డా, ఫోనే గదా. కండ్లల్ల పడకుండ బతికినవ్" అంది తల్లి.

విజేందర్ కర్ర అక్కడే పడేశాడు. లోపలి గదికి వెళ్లాడు. గోడ తెల్లగా, ఎండిపోయి, కొత్త పెళ్లికొడుకు ధోవతిలా మెరుస్తోంది. సుహాసిని పెళ్లి తారీఖు మాత్రం పలకలో చెక్కుచెదరకుండా ఉంది.

మర్నాడు సాయంత్రం సుహాసిని ఫోన్ మోగింది.

"అత్తా! మామ ఫోన్ ఎందుకు కలుస్తలేదు? పొద్దటి నుంచి చేస్తున్న. నాకు వచ్చింది! టీచర్ పోస్టు వచ్చింది!"

ఇంట్లో కేకలు. గుర్వమ్మ చేతికి సున్నం ఉండగానే ఫోన్ లాక్కుంది. "పంతులమ్మవైతివా నా తల్లీ! మీ అవ్వకు జర అక్షరాలు నేర్పు ఇగ!" విజేందర్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. నాలుగేళ్ల బరువు ఆ పిల్ల నెత్తి మీది నుంచి దిగిందన్న సంతోషం నిజమే. కానీ ఫోన్ తన చేతికొచ్చాక విన్న మాటతో ఆ నీళ్లు అక్కడే ఆగిపోయాయి.

"మామా, వచ్చే ఆదివారం వస్తున్న. నా ముక్కలు తయారు పెట్టు."

"పెట్టినట్టే అనుకో" అన్నాడు విజేందర్. ఇరవై రెండేళ్లలో మొదటి తప్పుడు చీటీ.

ఆ వారం అతని కష్టం చెప్పతరం కాదు. కొత్త ఫోన్, కొత్త సిమ్ము కొన్నాడు. ఆట దింపుకున్నాడు. పన్నెండు ఖాళీ గళ్లు చూపించి, నింపమంది. కాటా గదిలో కూర్చుని గుర్తు చేసుకున్నాడు. కుందేలు, గొడుగు, నిచ్చెన, ఉల్లిగడ్డ, వంతెన... తంటాలుపడితే ఏడు తేలాయి. వాటిలో కూడా ఏది ముందో ఏది వెనకో తెలియదు. ఒక లారీ వచ్చి నిలబడితే బరువు చెప్పమన్న డ్రైవర్‌కు "వంతెన" అని జవాబిచ్చాడు.

శనివారం పొద్దున ఇంట్లో ఎవరూ లేనప్పుడు స్టీలు చెంచాతో గోడను గీరడం మొదలుపెట్టాడు. పొర ఊడింది. పొరతో పాటు పెన్సిల్ గీత కూడా ఊడి, పొడిగా నేల మీద రాలింది. ఒక మాట ఉన్నచోట రూపాయి బిళ్లంత గుంట పడింది. చెంచా కింద పడేసి, గుంట మీద క్యాలెండర్ తగిలించి, బయటికి వచ్చి కూర్చున్నాడు. ఆ మాటలు దొరికే ఒక్క దారి కూడా పాడుచేసుకున్నానని అతనికి ఖాయమైపోయింది.

ఆదివారం దీప్తి వచ్చింది. చేతిలో స్వీటు డబ్బా, భుజాన సంచీ. "మూడు బస్సులు, మూడు జీరో టికెట్లు, పైస ఖర్చు లేదు! కండక్టర్లందరికి నౌకరి సంగతి చెప్పిన" అని నవ్వుతూ లోపలికి అడుగుపెట్టి, మామ ముఖం చూసి ఆగింది.

"మామా, ఏమైంది? పానం మంచిగలేదా?"

విజేందర్ కుర్చీలోంచి లేచాడు. "బిడ్డా, నీ ముక్కలు పోయినయి" అన్నాడు. తర్వాత అంతా ఒక్క ఊపున చెప్పేశాడు. గోడ, రాత, సున్నం, అమ్మ అడిగితే ఏం లేదనడం, డ్రమ్ములో ఫోన్, చెంచా. చెప్పడం అయిపోయాక తన భుజాలు తేలికయ్యాయని అతనికే ఆశ్చర్యం కలిగింది. వారంగా ఆ ఇంట్లో ఎవరితోనూ నిండుగా ఒక మాట మాట్లాడలేదు మరి.

దీప్తి మంచం పట్టె మీద కూర్చుంది. "అబద్ధం ఎందుకు చెప్పాలె మామా, దుఃఖమొస్తాంది. నాలుగేండ్ల ఆదివారాలు అవి." సంచీ భుజం మీంచి దించి, "కానీ ఫోన్ల నువ్వు తయారు పెట్టినట్టే అన్నవు సూడు, గదే మస్తు కోపం తెప్పిస్తాంది" అంది.

"కొట్టు" అన్నాడు విజేందర్.

"కొట్టాలె. ముందుగాల నీళ్లియ్యి, దూపైతాంది."

గుర్వమ్మ గడపలో నిలబడి ఇదంతా వింటోంది. ఆమెకు గొలుసూ తెలియదు, పెట్టే తెలియదు. గోడ మీది రాత పోయిందని కొడుకు ఏడుపు ముఖం పెట్టాడని మాత్రం అర్థమైంది.

"ఏందిర, రాతనా? దేంతోని రాసినవ్?"

"సుతారి పెన్సిల్‌తోనమ్మ."

"మరి చెంచతోని గీకుడేందిర గాడిదా! ఇరవై ఏండ్లు సున్నం తిండి తిని పెరిగినవు. తడిసిన సున్నం ఏదన్న దాస్తదా? నేను కొడుతున్నప్పుడు నువ్వు గడపల నిలబడి సూడలే? ఆరినంకనే గదా తెలుపెక్కేది." ఆమె కొంగు నడుముకు చెక్కింది. "సుహాసినీ, చెంబుల నీళ్లు తే. పాత దోతి ముక్క గూడ."

క్యాలెండర్ తీశారు. గుర్వమ్మ గుడ్డను ముంచి, రుద్దకుండా, జ్వరం వచ్చిన పిల్లవాడి నుదుటికి వేసినట్టు గోడకు అద్దింది. తీసి మళ్లీ అద్దింది. తెల్లటి గోడ మెల్లగా బూడిదరంగుకు దిగింది. తడి పాకినంత మేర తెలుపు పలచబడింది. ముందు ఒక నల్లటి గీత. దాని పక్కన ఇంకో వంపు. తర్వాత ఒక అక్షరం, అక్షరం పక్కన అక్షరం.

"కుందేలు!" అని సుహాసిని అరిచింది. "సంత చీటీ వచ్చిందయ్యో!"

"రాయి, రాయి! ఆరుతాంది!" విజేందర్ గొంతు కీచుగా వచ్చింది. దీప్తి సంచీలోంచి పెన్ను లాగింది, కాగితం దొరక్క అరచేతి మీదే రాసుకోవడం మొదలుపెట్టింది. గోడ పై నుంచి ఆరుతూ వస్తోంది. కింది మాటలు తేలేలోపు పైవి మళ్లీ తెలుపులోకి పోతున్నాయి. గుర్వమ్మ మూడుసార్లు తడిపింది. మూడోసారికి దీప్తి అరచేతి నుంచి మోచేతి దాకా పదకొండు మాటలున్నాయి. వరుస కూడా గోడ మీద ఉన్నట్టే వచ్చింది.

తొమ్మిదో మాట దగ్గర గుంట.

"గిక్కడనేనా చెంచ పెట్టింది?" అంది దీప్తి.

విజేందర్ గుంట వైపు చూశాడు. తర్వాత ఆమె చేతి వైపు చూశాడు. పెదాలు కదుపుతూ ఒక్కొక్కటీ చదివాడు. తనకు గుర్తున్న ఏడింటిలో ఆరు ఆ చేతి మీద కనిపించాయి. కనిపించనిది ఒక్కటే.

"ఉల్లిగడ్డ" అన్నాడు. "ఉల్లిగడ్డ బిడ్డా! గిదొక్కటి నాకు యాదికున్నది!"

దీప్తి కొత్త ఫోన్‌లో పన్నెండు గళ్లూ నింపింది. తెర మీద చిన్న చక్రం తిరిగింది. తిరిగింది. నలుగురూ ఫోన్ మీదికి వంగారు. గుర్వమ్మ ఊపిరి బిగబట్టడం వల్ల ఆమె ముక్కుపుడక కదలడం లేదు. చక్రం ఆగింది. మొదట రాతి తాబేలు కనిపించింది, దాని వెనక మిగతావి దొంతరగా వచ్చాయి.

విజేందర్ నేల మీద చతికిలబడ్డాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో సుహాసినికి కూడా తెలియలేదు. "లే, లే, అంగీకంత సున్నం అంటుతాంది" అని భుజం పట్టి లేపబోయి, ఆమె కూడా పక్కనే కూర్చుండిపోయింది.

"లెక్కపెట్టు బిడ్డా" అన్నాడతను. "నా ముంగటనే లెక్కపెట్టు."

దీప్తి లెక్కపెట్టింది. "అరవై ఒకటి. బరువు సరిగ్గనే ఉన్నది మామా. చీటీ కొట్టు!"

ఆ మధ్యాహ్నం భోజనాలు మూడయ్యాక గానీ మొదలుకాలేదు. దీప్తి తన ముక్కలను తన పెట్టెకు పంపుకుంది. మామ ముక్కలకు కూడా కొత్త పెట్టె చేసి, కొత్త పన్నెండు మాటలు పుట్టించి, పాతదాన్ని ఖాళీ చేసింది. "అత్త చూసింది, అవ్వ తడిపింది, నా చేతి మీదున్నయి. పాత తాళం ఇగ పనికిరాదు" అంది. ఆ తర్వాత ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఆడారు. బరువు హద్దు పద్దెనిమిది వచ్చింది. మామ రాతి తాబేలును అడగబోయి నాలుక కరుచుకున్నాడు. అది ఆమెది కదా. ఓడిపోయాడు, ఆమె ఎగతాళి చేసినా హాయిగానే ఉంది.

పొద్దు వాలేముందు గుర్వమ్మ మిగిలిన సున్నం గిన్నెలో కలుపుకుని, కుంచెతో లోపలి గది గడపలోకి వచ్చింది. గుంటను పూడ్చి ఆ మేరకు తెల్లగా చేయాలి, పండుగకు గోడ బొక్కతో ఉంటే ఆమె చూడలేదు. గోడ అప్పటికి పూర్తిగా ఆరి, పదకొండు మాటలనూ మళ్లీ లోపలికి తీసేసుకుంది. కుంచె ముంచి, కొడుకు వైపు తిరిగి, ఎప్పటిలాగే అడిగింది.

"ఏది ఉంచాలె, ఏది కొట్టెయ్యాలె?"

విజేందర్ లేచి గోడ దగ్గరికి వెళ్లాడు. ఈసారి సుహాసిని వినేలాగే మాట్లాడాడు.

"గివ్వి కొట్టెయ్యమ్మ, వీటితోని ఇగ పనిలేదు. కానీ గిక్కడ, బోరు లెక్క పక్కన, ఇంత జాగా వదిలిపెట్టు. కొత్తయి పన్నెండున్నయి, రాస్త. ఏం రాసిన్నో నీకు గూడ చదివి చెప్త. వచ్చే ఏడు అడిగినప్పుడు నేను మర్చిపోతే, నువ్వన్న ఉంచుతవు."

"చదువు మరి, వింట" అంది గుర్వమ్మ. కుంచె గిన్నె మీద ఆన్చి, కొడుకు పెన్సిల్ వెతుక్కునే దాకా గడపలోనే నిలబడింది.